చిన్న జెట్లు పక్కకు పోతున్నాయి: టికెట్ కొనేముందు, పైలట్ కోర్సులో చేరేముందు పాలమూరు, నల్లగొండ వాళ్లు చూసుకోవాల్సినవి

విమానం టికెట్ కొనేటప్పుడు రేటు చూస్తాం, టైమ్ చూస్తాం. ఏ రకం విమానం అన్నది ఓ మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. రోజుకు ఎన్ని ట్రిప్పులు ఉంటాయి, ఆర్నెల్ల తర్వాత ఆ సర్వీసు ఉంటుందా ఊడుతుందా, మే నెల మధ్యాహ్నం మీ పెట్టె మీతోపాటు వస్తుందా అన్నవన్నీ తేలేది ఆ చిన్న అక్షరాల దగ్గరే. ఇంటర్ ఎంపీసీ అయిపోయి పైలట్ కోర్సు వైపు చూస్తున్న పిల్లలకైతే ఈ సంగతి మరీ ముఖ్యం. 50 సీట్ల చిన్న జెట్లను ఎయిర్‌లైన్లు ఒక్కొక్కటిగా పక్కన పెడుతున్నాయి. దాని వెనుక లెక్క తెలిస్తే ప్రయాణానికీ పనికొస్తుంది, ఉద్యోగానికీ పనికొస్తుంది.

యాభై సీట్ల జెట్ ఎందుకు గిట్టదు

ఈ తరగతిలో ఎక్కువగా తిరిగినవి రెండు: కెనడా కంపెనీ బొంబార్డియర్ చేసిన సీఆర్‌జే-200, బ్రెజిల్ కంపెనీ ఎంబ్రాయర్ చేసిన ఈఆర్‌జే-145. రెండూ 50 సీట్లవే. సీఆర్‌జే-200 తయారీ 2006లోనే ఆగింది. సీఆర్‌జే వ్యాపారం మొత్తాన్ని 2020లో మిత్సుబిషి కొన్నది. చిట్టచివరి సీఆర్‌జే 2021లో అమెరికాలోని స్కైవెస్ట్ సంస్థకు చేరింది. అంటే కొత్తవి రావు, ఉన్నవి పాతబడుతున్నాయి.

పాతబడటం ఒక్కటే కారణం కాదు. సీట్లు యాభై ఉన్నా, నూట ఎనభై ఉన్నా కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లు ఉండాల్సిందే. 50 సీట్లలో ఒక పైలట్ జీతం 25 సీట్ల మీద పడుతుంది. 76 సీట్ల విమానంలో 38 సీట్ల మీద, 186 సీట్ల ఎయిర్‌బస్ ఏ320లో 93 సీట్ల మీద పడుతుంది. ఇంజన్లూ అంతే, రెండే. వాటిలో తిరిగే డిస్కుల ఆయుష్షును గంటల్లో కాక సైకిళ్లలో లెక్కిస్తారు. ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిస్తే ఒక సైకిల్. నలభై నిమిషాల రూట్లో రోజుకు ఎనిమిది సార్లు ఎగిరే విమానం, మూడు గంటల రూట్లో రెండు సార్లు ఎగిరే విమానం కంటే నాలుగు రెట్లు వేగంగా ఆ ఆయుష్షును తినేస్తుంది. ల్యాండింగ్ గేర్, టైర్లు, బ్రేకుల సంగతీ అదే. ఓవర్‌హాల్ బిల్లు వచ్చేసరికి దాన్ని పంచుకోవడానికి ఉన్నవి యాభై సీట్లే.

ఇంకో చిక్కు ఇంధనం. జెట్ విమానం పైకి ఎక్కేటప్పుడే ఎక్కువ తాగుతుంది, పైకి చేరాక పొదుపు చేస్తుంది. దగ్గరి రూట్లో అది పైకి చేరీ చేరగానే దిగాల్సి వస్తుంది. బయట ఫ్యాన్లు (ప్రొపెల్లర్లు) తిరిగే విమానానికి ఆ బాధ తక్కువ. అందుకే 300, 400 కిలోమీటర్ల రూట్లలో 70 నుంచి 78 సీట్ల ఫ్యాన్ల విమానం ఏటీఆర్ 72 దే రాజ్యం. గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగమే అయినా, అంత దగ్గరి దూరానికి జెట్‌తో తేడా పది, పదిహేను నిమిషాలు మించదు. వానకాలంలో మాత్రం ఏటీఆర్‌కు ఇబ్బందే. అది 25 వేల అడుగుల పైకి వెళ్లలేదు కాబట్టి మబ్బుల మీదుగా కాకుండా, పక్కనుంచో మధ్యనుంచో పోవాలి. కుదుపులు తప్పవు.

అమెరికాలో ఒక రూలు, మన దగ్గర ఇంకోటి

అమెరికాలో పెద్ద ఎయిర్‌లైన్ల పైలట్ యూనియన్లు కాంట్రాక్టులో ఒక గీత గీశాయి. తమ పేరు మీద చిన్న సంస్థలు నడిపే విమానం 76 సీట్లు, 86 వేల పౌండ్లు, అంటే దాదాపు 39 టన్నులు దాటకూడదు. 50 సీట్ల విమానాలు ఎన్ని ఉండాలి, పెద్దవి ఎన్ని ఉండాలి అన్నదానికీ లెక్క ఉంటుంది. ఈ గీత ఎంత గట్టిదంటే, ఎంబ్రాయర్ కొత్తగా రూపొందించిన ఈ175-ఈ2 బరువు ఎక్కువైందని అక్కడ కొనేవాడు లేకుండా పోయాడు. 70 సీట్ల సీఆర్‌జే-700 లోంచి ఇరవై సీట్లు పీకేసి, 50 సీట్లతోనే తిప్పే సీఆర్‌జే-550 కూడా ఆ గీత పుణ్యమే. దగ్గరి రూట్లో అంత పెద్ద విమానం, అంత తక్కువ సీట్లు! మన దగ్గర ఇలాంటి లెక్క ఎవరూ ఒప్పుకోరు.

అక్కడ పైలట్ల కొరత కూడా తోడైంది. 2009లో కోల్గాన్ ఎయిర్ ప్రమాదం తర్వాత చట్టం మారింది. 2013 నుంచి కో-పైలట్‌కు కూడా 1,500 గంటల అనుభవం కావాలన్నారు. కరోనా తర్వాత పెద్ద ఎయిర్‌లైన్లు చిన్న సంస్థల్లోని కెప్టెన్లను లాక్కున్నాయి. 2022 మార్చిలో స్కైవెస్ట్, ప్రభుత్వ సబ్సిడీతో నడుపుతున్న 29 చిన్న ఊళ్ల సర్వీసుల నుంచి తప్పుకుంటామని నోటీసు ఇచ్చింది. విమానాలున్నాయి, నడిపేవాళ్లే లేరు.

మన దేశంలో యూనియన్ గీత లేదు. దాని బదులు రెండు అంకెలు ఉన్నాయి, వీటిని గుర్తుపెట్టుకోండి: 80 సీట్లు, 40 టన్నులు. 80 సీట్ల కంటే తక్కువ ఉన్న దేశీయ షెడ్యూల్డ్ విమానానికి ల్యాండింగ్ చార్జీ ఉండదు. ఏటీఆర్‌లో 78 సీట్లు, పాత ఫ్యాన్ల విమానం క్యూ400లో 78 సీట్లు ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమవుతుంది. ఇక 40 టన్నుల లోపు విమానానికి పోసే ఇంధనం మీద అమ్మకపు పన్ను కేంద్ర చట్టం ప్రకారం 5 శాతం దాటకూడదు. పెద్ద విమానాల మీద ఒక్కో రాష్ట్రం ఇష్టమొచ్చినంత వ్యాట్ వేసుకోవచ్చు, ఎందుకంటే విమాన ఇంధనం ఇంకా జీఎస్టీ పరిధిలోకి రాలేదు.

కాబట్టి ఒక రూట్లో చిన్న విమానం తీసి ఏ320 పెట్టారంటే ఆ ఎయిర్‌లైన్ ఈ రెండు రాయితీలనూ వదులుకుంటోంది. అంత ధైర్యం చేసిందంటే రూట్లో జనం బాగా ఉన్నారన్నమాట. 50 సీట్ల జెట్ తీసి 76 సీట్ల ఎంబ్రాయర్ ఈ175 పెట్టడం వేరు. స్టార్ ఎయిర్ 2019లో 50 సీట్ల ఎంబ్రాయర్ 145తో మొదలై 2023 నుంచి ఈ175లు చేర్చుకుంది. సీట్లు సగం పెరిగినా 80 గీత దాటలేదు.

ఈ రాయితీలుంటే చాలు, సంస్థ బతికిపోతుందని మాత్రం అనుకోవద్దు. విజయవాడ కేంద్రంగా ఎంబ్రాయర్ జెట్లతో 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017లో ఆగిపోయింది. హైదరాబాద్ కేంద్రంగా ఏటీఆర్‌లతో 2015లో మొదలైన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. నాలుగైదు విమానాల సంస్థలో ఒక్కటి మెయింటెనెన్స్‌కు కూర్చుంటే షెడ్యూల్లో ఇరవై, పాతిక శాతం పోయినట్టే.

సీట్లు పెరిగితే ట్రిప్పులు తగ్గుతాయి

దీన్ని కాగితం మీద వేసి చూడండి. రోజుకు 150 మంది తిరిగే రూట్ అనుకుందాం. 50 సీట్ల విమానమైతే మూడు ట్రిప్పులు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. 76 సీట్లదైతే రెండు ట్రిప్పులకే 152 సీట్లు. 186 సీట్లదైతే ఒక్కటే, అదీ రోజూ నిండదు. ఆర్టీసీ వాళ్లు మూడు మినీ బస్సులు తీసేసి ఒక సూపర్ లగ్జరీ వేసినట్టు. సీటు మెత్తగా ఉంటుంది, టికెట్ కూడా తగ్గొచ్చు, కానీ మీకు కావాల్సిన టైమ్‌కు బండి ఉండదు.

పోయేది సాధారణంగా మధ్యాహ్నం ట్రిప్పు. పొద్దున వెళ్లి పని చూసుకుని సాయంత్రం రావడం కుదిరిన చోట ఇక రాత్రి హోటల్ ఖర్చు కలుస్తుంది. ఆ ఖర్చు కూడా వేసుకుంటేనే టికెట్ నిజంగా తగ్గిందా లేదా తెలుస్తుంది. నల్లగొండ, దేవరకొండ వైపు నుంచి శంషాబాద్ చేరేవాళ్లకు ఇది ఇంకా బరువు. ఉదయం 6 గంటల విమానం ఒక్కటే మిగిలితే అర్ధరాత్రి దాటగానే ఇంట్లోంచి కదలాలి. ఆ టైమ్‌లో ఎల్బీనగర్ దిగి పుష్పక్ బస్సు పట్టుకోవడం కంటే, నలుగురు కలిసి పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ ఎక్కే కారు మాట్లాడుకోవడమే నయం.

ఇంకో కోణం స్లాట్, అంటే విమానం దిగడానికీ లేవడానికీ ఎయిర్‌పోర్టులో దొరికే టైమ్. శంషాబాద్‌లో రద్దీ గంటల్లో 50 సీట్ల విమానం దిగినా, 186 సీట్లది దిగినా రన్‌వే మీద పట్టే సమయం ఇంచుమించు ఒకటే. దొరికిన స్లాట్‌లో పెద్ద విమానం దించుకోవాలనే ఎయిర్‌లైన్ చూస్తుంది. చిన్న ఊరి సర్వీసు అసౌకర్యమైన టైమ్‌కు జరిగిందంటే దానికి ఇదీ ఒక కారణం.

మన దగ్గరి ఎయిర్‌పోర్టుకు ఏ విమానం పడుతుంది

గద్వాల, అలంపూర్ వాళ్లకు తుంగభద్ర దాటితే కర్నూలు, అక్కడినుంచి నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు. 2021 మార్చిలో ఇండిగో ఏటీఆర్‌తో బెంగళూరు, చెన్నై, విశాఖలకు అక్కడ సర్వీసులు మొదలయ్యాయి. ఆ రన్‌వే పొడవు 2,000 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు. ఏ320కు మామూలుగా 45 మీటర్ల వెడల్పు కావాలి. అంటే ఆ ఎయిర్‌పోర్టు భవిష్యత్తు ఏటీఆర్ లాంటి విమానాలతో ముడిపడి ఉంది. ఎయిర్‌లైన్ ఏటీఆర్‌లు తగ్గించుకుంటే, ‘దాని బదులు పెద్దది వేస్తారులే’ అనుకోవడానికి అక్కడ వీల్లేదు.

రన్‌వే ఒక్కటే కాదు, ఫైర్ ఇంజన్ల లెక్క కూడా ఉంటుంది. విమానం పొడవును బట్టి ఎయిర్‌పోర్టుకు అగ్నిమాపక కేటగిరీ నిర్ణయిస్తారు. 27 మీటర్ల ఏటీఆర్ 72 కు కేటగిరీ 5 చాలు. 28 మీటర్లు దాటిన ఎంబ్రాయర్ జెట్‌కు సాధారణంగా కేటగిరీ 6 కావాలి: ఎక్కువ నీళ్లు, ఎక్కువ నురుగు, ఎక్కువ సిబ్బంది. ఆ ఏర్పాటు ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న దగ్గరే కొన్ని ‘జెట్ సర్వీసులు’ పేపర్ ప్రకటన దాటి రావు.

ఎండ సంగతి చూడండి. మే నెలలో మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటితే గాలి పల్చబడుతుంది. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజన్ బలం తగ్గుతుంది. పొట్టి రన్‌వే మీద అదే బరువుతో లేవడం కుదరదు. అప్పుడు ఎయిర్‌లైన్ కొన్ని సీట్లు ఖాళీ పెడుతుంది, లేదా చెక్-ఇన్ బ్యాగులు వెనక విమానానికి మారుస్తుంది. వేసవిలో చిన్న ఎయిర్‌పోర్టు నుంచి వెళ్తే పొద్దున ట్రిప్పు తీసుకోండి. మందులు, సర్టిఫికెట్లు, పెళ్లి నగలు చేతి సంచిలోనే ఉంచుకోండి.

పాలమూరుకు సొంత ఎయిర్‌పోర్టు మాట దేవరకద్ర నియోజకవర్గంలోని గుడిబండ పేరుతో ఏళ్లుగా నలుగుతోంది. 2008లో మొదలైన శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టుకు 25 ఏళ్ల పాటు అడ్డు ఉంది. వరంగల్ మామునూరుకు ఆ సంస్థ ఒప్పుకున్నాకే దారి తెరుచుకుంది. గుడిబండ కూడా ఆ పరిధిలోనే ఉంది. అనుమతి వచ్చినా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది: మహబూబ్‌నగర్ నుంచి ఎన్‌హెచ్-44 మీద గంటన్నరలో శంషాబాద్ చేరొచ్చు కదా, మరి 70 సీట్లు రోజూ నింపే జనం ఎక్కణ్ణుంచి వస్తారు? ఆ ప్రశ్నకు జవాబు లేకుండా భూమి రేట్లు పెంచేవాళ్ల మాట నమ్మి ప్లాట్లు కొనొద్దు.

టికెట్ తీసేటప్పుడు

బుకింగ్ పేజీలో ‘ఫ్లైట్ వివరాలు’ తెరిస్తే విమానం రకం కనిపిస్తుంది. ఏటీ7 అంటే ఏటీఆర్ 72. ఈఆర్4 అంటే ఎంబ్రాయర్ 145, ఈ75 అంటే ఈ175. డీహెచ్4 అంటే క్యూ400. 320, 32ఎన్ అంటే ఏ320 కుటుంబం. సీట్ల మ్యాప్ చూసినా తెలిసిపోతుంది: ఒక పక్క ఒకటి, ఇంకో పక్క రెండు ఉంటే 145, రెండు-రెండు ఉంటే ఏటీఆర్, ఈ175 లేదా క్యూ400, మూడు-మూడు ఉంటే పెద్దది.

ఏటీఆర్ అయితే వెనక తలుపు నుంచి ఎక్కాలి, సామాను ముందు భాగంలో ఉంటుంది. ఫ్యాన్ల మోత ముందు వరుసల్లో ఎక్కువ, వెనక వరుసల్లో తక్కువ. తల మీది అరలు చిన్నవి. చక్రాల పెట్టె 7 కిలోలే ఉన్నా పట్టకపోతే మెట్ల దగ్గరే ట్యాగ్ వేసి తీసుకుంటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే బుకింగ్ అప్పుడే వీల్‌చైర్ అడిగి, మెట్లు ఎక్కగలరో లేదో కూడా చెప్పండి. చాలాచోట్ల ఏరోబ్రిడ్జి ఉండదు.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. మన దేశంలో షెడ్యూళ్లు ఏడాదికి రెండుసార్లు మారతాయి: మార్చి చివరి ఆదివారం వేసవి షెడ్యూల్, అక్టోబర్ చివరి ఆదివారం శీతాకాలపు షెడ్యూల్. విమానాల మార్పిడి, రూట్ల కోత ఎక్కువగా అక్కడే జరుగుతాయి. ఆ గీత దాటిన తేదీకి చిన్న ఎయిర్‌పోర్టు టికెట్ నాలుగు నెలల ముందు కొని ‘చవగ్గా కొట్టేశాం’ అనుకోవద్దు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ కింద వచ్చిన రూట్ అయితే ఇంకో గీత ఉంటుంది. ప్రభుత్వం నష్టం పూడ్చే సొమ్ము సాధారణంగా మూడేళ్లే ఇస్తుంది. గంట ప్రయాణానికి 2,500 రూపాయల చుట్టూ మొదలైన ఆ పరిమితి ధర కూడా సుమారు సగం సీట్లకే. రూట్ మొదలై మూడేళ్లు కావస్తోందా అని చూసుకోండి. సొమ్ము ఆగాక సర్వీసు నిలబడిందంటే ఆ రూట్లో నిజంగా జనం ఉన్నట్టే.

దుబాయ్ లేదా ఢిల్లీ విమానానికి కలపాల్సి ఉంటే రెండు టికెట్లు విడివిడిగా తీయొద్దు. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే మొదటిది రద్దయినా రెండోదాని బాధ్యత ఎయిర్‌లైన్‌ది. విడిగా ఉంటే రెండో ఎయిర్‌లైన్ మిమ్మల్ని ‘రాలేదు’ కింద రాసి డబ్బు మింగేస్తుంది.

ఇక హక్కుల సంగతి. రెండు వారాల ముందు రద్దు చెబితే ఇంకో విమానమో, పూర్తి డబ్బో ఇస్తారు, పరిహారం ఉండదు. చెప్పాల్సిన గడువులో చెప్పకుండా రద్దు చేస్తే గంట లోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల లోపు దానికి 7,500, ఆపైన 10,000 రూపాయలు, లేదా బేసిక్ ఫేర్, ఫ్యూయల్ చార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. వాతావరణం కారణమైతే ఇది వర్తించదు. పెద్ద విమానం బదులు చిన్నది తెచ్చి ‘సీటు లేదు’ అంటే అది బోర్డింగ్ నిరాకరణ. గంటలోపు ఇంకో విమానం చూపకుండా 24 గంటల లోపు పంపితే బేసిక్ ఫేర్, ఫ్యూయల్ చార్జీకి రెట్టింపు, గరిష్ఠంగా 10,000. ఆపైన ఆలస్యమైతే నాలుగు రెట్లు, గరిష్ఠంగా 20,000. కౌంటర్ దగ్గర ‘విమానం మార్చాం’ అన్న మాట రాతలో గానీ ఎస్ఎంఎస్‌లో గానీ తీసుకోండి. అది లేకుండా ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలో పెట్టే ఫిర్యాదు బలహీనం.

పైలట్ కావాలనుకునేవాళ్లకు

ఒక పైలట్ ఏడాదికి 1,000 గంటలకు మించి ఎగరకూడదు. సెలవులు, ట్రైనింగ్ తీసేస్తే తేలేది ఇంకా తక్కువ. ఒక విమానం రోజుకు పదకొండు గంటలు తిరిగితే ఏడాదికి 4,000 గంటలు. అంటే విమానానికి సుమారు ఐదు జతల పైలట్లు. 50 సీట్ల విమానాలు మూడు నడిపే సంస్థకు 30 మంది పైలట్లు కావాలి. వాటి బదులు 76 సీట్లవి రెండు వస్తే సీట్లు 150 నుంచి 152 అవుతాయి, పైలట్లు 30 నుంచి 20కి వస్తారు. ప్రయాణికుడికి తేడా తెలియదు, పది కుటుంబాలకు తెలుస్తుంది. క్యాబిన్ సిబ్బందిది తలకిందుల లెక్క: 50 సీట్లకు ఒకరు చొప్పున కాబట్టి 76 సీట్లకు ఇద్దరు కావాలి.

కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. ‘పైలట్ల కొరత’ అని పేపర్లో పడితే అది ఎక్కువగా కెప్టెన్ల కొరత. మన దగ్గర కో-పైలట్‌గా చేరడానికి అమెరికాలా 1,500 గంటలు అక్కర్లేదు, 200 గంటల సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చాలు. అందుకే సీపీఎల్ చేతిలో పెట్టుకుని ఎదురుచూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1,500 గంటలు దాటి ఏటీపీఎల్ (కెప్టెన్‌కు కావాల్సిన లైసెన్స్) ఉన్నవాళ్లకే గిరాకీ. 2025 జూలై నుంచి వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరగడంతో ఆ గిరాకీ ఇంకా పెరిగింది.

చేయాల్సిన వరుస ఇది. ముందు మెడికల్, తర్వాతే ఫీజు. క్లాస్ 2 మెడికల్, ఆ వెంటనే క్లాస్ 1 మెడికల్ తేల్చుకోండి. రంగుల గుర్తింపులోనో, గుండె పరీక్షలోనో తేడా ఉంటే అరకోటి ఖర్చయ్యాక తెలియడం కంటే ముందు తెలియడం మేలు. పక్కనే విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ దగ్గర పరీక్షల కోసం కంప్యూటర్ నంబర్ తీసుకుని నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు రాయడం మొదలుపెట్టండి. పాస్ మార్కు 70 శాతం. పేపర్లు కాకుండా ఫ్లయింగ్ మొదలుపెట్టినవాళ్లు మధ్యలో ఆగి, మళ్లీ చెక్ ఫ్లైట్లకు డబ్బు కడతారు.

స్కూల్ ఎంచుకునేటప్పుడు బ్రోషర్ పక్కన పెట్టి మూడు ప్రశ్నలు వేయండి: ఈరోజు ఎగరగల స్థితిలో ఎన్ని విమానాలున్నాయి, ఎంతమంది విద్యార్థులు, ఎంతమంది ఇన్‌స్ట్రక్టర్లు? ఇరవై మందికి ఒక విమానం ఉంటే 200 గంటలు రెండేళ్లలో పూర్తికావు. నాగార్జునసాగర్ వైపు ఎయిర్‌స్ట్రిప్ అయినా, బేగంపేట అయినా ఇవే ప్రశ్నలు. 2025 నుంచి డీజీసీఏ ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు ఇస్తోంది, అవీ చూడండి. 200 గంటల్లో 100 గంటలు పైలట్-ఇన్-కమాండ్‌గా (విమానం బాధ్యత మీదేగా), అందులో 20 గంటలు క్రాస్ కంట్రీ (ఒక చోటు నుంచి ఇంకో చోటుకు), 5 గంటలు రాత్రి ఫ్లయింగ్ ఉండాలి. ప్రతి గంటా డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలో అదే వారం ఎక్కించి, ఇన్‌స్ట్రక్టర్ ధ్రువీకరణ వచ్చిందో లేదో చూసుకోండి.

టైప్ రేటింగ్, అంటే ఒక రకం విమానం నడపడానికి తీసుకునే ప్రత్యేక అర్హత, దగ్గర తొందర వద్దు. ఏటీఆర్ రేటింగ్‌తో ఏ320 నడపలేరు, ఈ175 రేటింగ్‌తో ఏటీఆర్ నడపలేరు. మారాలంటే మళ్లీ గ్రౌండ్ స్కూల్, సిమ్యులేటర్, స్కిల్ టెస్ట్, ఆపైన లైన్ ట్రైనింగ్. నెలలు పడుతుంది, లక్షలవుతుంది. ఉద్యోగం ఖాయం కాకుండా సొంత డబ్బుతో అరుదైన విమానం రేటింగ్ చేయడం మంచిది కాదు. దేశంలో ఆ రకం విమానాలు ఎన్ని ఉన్నాయి, ఎన్ని సంస్థలు నడుపుతున్నాయి, ఇంకా తయారవుతోందా అన్నవి చూడండి. ఒకే సంస్థ చేతిలో నాలుగు విమానాలుంటే, ఆ సంస్థ ఆగిన రోజే రేటింగ్ విలువా ఆగుతుంది. ఆగాక ఇంకో చిక్కు మొదలవుతుంది: 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే రీసెన్సీ (ఈమధ్య ఎగిరినట్టు లెక్క) పోతుంది, ఆర్నెల్లకోసారి చేయాల్సిన ప్రొఫిషియెన్సీ చెక్ దాటిపోతుంది.

చిన్న సంస్థకు ఒక మంచి కూడా ఉంది. రోజుకు ఆరు ల్యాండింగ్‌లు, ఇరుకు రన్‌వేలు, వర్షం మధ్య ఏటీఆర్ మీద కెప్టెన్ అయ్యే అవకాశం పెద్ద సంస్థ కంటే తొందరగా రావచ్చు. తర్వాత ఏ320 సంస్థకు మారితే సీనియారిటీ కింద నుంచి మొదలవుతుంది, కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు నుంచి కో-పైలట్ కుడి సీటుకు వెళ్లాల్సి రావచ్చు. జీతం ఎక్కువే కానీ కమాండ్ మళ్లీ వెనక్కి పోతుంది. ఆ లెక్క చేరేముందే వేసుకోవాలి.

సంతకం పెట్టే కాగితంలో బాండ్ (ముందే మానేస్తే సంస్థకు కట్టాల్సిన సొమ్ము) మొత్తం, ఎన్నేళ్లు, ఏటా ఎంత తగ్గుతుంది అన్నవి చదవండి. సంస్థే విమానాలు తీసేస్తే బాండ్ ఏమవుతుందో రాసి ఉందా అని ప్రత్యేకంగా అడగండి, చాలా కాగితాల్లో ఉండదు. 2017 నాటి డీజీసీఏ నిబంధన ప్రకారం కో-పైలట్ ఆరు నెలలు, కెప్టెన్ పన్నెండు నెలల నోటీసు ఇవ్వాలి. జీతం ఆలస్యమవుతున్న సంస్థలో ఆ ఏడాది చాలా పొడుగు. అందుకే చేతిలో కనీసం ఆరు నెలల ఈఎంఐ పక్కన లేకుండా ఎడ్యుకేషన్ లోన్ పెద్దది చేసుకోవద్దు.